టేక్ డౌన్ అంటే ఏటి?

ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే మా హెడ్ గుమస్తా నాకు పరీక్ష పెట్టాడు. టైపూ షార్ట్‌హ్యాండూ విజయనగరంలో నేర్చుకుని, సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళాను. వాటి వంక ఆయన చూడనైనా లేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "టేక్ డౌన్ అంటే ఏమిటమ్మా?" అని అడిగాడు.

"రాసుకోవడమండీ. ఎవరైనా చెబుతుంటే విని కాగితం మీద పెట్టడం," అన్నాను. నా ఉద్యోగమే అది కనక తడుముకోలేదు.

ఆయన నవ్వాడు. ఆయన అని రాస్తున్నాను గాని అది అలవాటు కొద్దీ, గౌరవం కొద్దీ కాదు. సొరుగులోంచి గోధుమరంగు అట్ట వేసిన నోటుబుక్కు తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు.

"గోడ మీది పటం దింపడం టేక్ డౌన్. పందిరి విప్పడం టేక్ డౌన్. గోడ పడగొట్టడం టేక్ డౌన్. మందు మింగడం టేక్ డౌన్. పొగరున్నవాడి పొగరు దించడమూ టేక్ డౌనే. పక్కన ఏ వస్తువుందో చూసుకుని అర్థం చెప్పుకోవాలి. అది తెలిసినవాడు గుమస్తా. తెలియనివాళ్ళు టైపు మిషన్లు," అని నోటుబుక్కు మూసేశాడు.

అరవైల చివరి మాట ఇది. మాది నేలలూ గట్లూ ఇళ్ళ స్థలాలూ చూసే చిన్న ఆఫీసు. నౌపడకి రైల్లో అరగంట ప్రయాణం. గుమస్తాలు నలుగురు, బంట్రోతులు ఇద్దరు, ఆడమనిషిని నేనొక్కర్తిని. నేను కొత్తగా చేరినదాన్ని కాబట్టి ఏడాదిపాటు ఎవరికి కోపం వచ్చినా ఇంటికి పంపేయవచ్చు. ఆ సంగతి హెడ్ గుమస్తా వారానికోసారి గుర్తు చేసేవాడు.

ఇంగ్లీషులో రెండేసి మాటలు కలిసి ఒక క్రియ అయ్యేవి ఉంటాయి కదా, వాటిని ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాడు. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకోగానే పరీక్ష మొదలయ్యేది. "పుట్ అవుట్ అంటే ఏమిటి? గెట్ ఓవర్ అంటే ఏమిటి?" అన్నం ముద్ద చేత్తో పట్టుకుని అంత వయసు మనుషులు బిక్కమొహాలు వేసేవారు. జవాబు తెలిసినా తెలియనట్టే ఉండాలి. తెలిసిందని చెబితే ఆ నెల మన కాగితాలన్నిట్లోనూ తప్పులు దొరికేవి.

ఇంతా చేసి ఆయన స్వయంగా రాసే ఇంగ్లీషు ఎలా ఉండేదంటే, ఓ వానాకాలంలో పై ఆఫీసుకి, వర్షం కమింగ్ డౌన్, గట్టు గోయింగ్ డౌన్, తమరు కైండ్లీ కమ్ డౌన్ అని రాశాడు. అది నేనే టైపు చేశాను. పై ఆఫీసులో నవ్వుకున్నారో లేదో తెలియదు. అక్కడా ఇలాంటివాళ్ళే ఉండి ఉంటారు.

అర్జీలు పట్టుకొచ్చే జనం "ఏటి బాబూ" అంటే ఆయనకి ఒళ్ళు మండేది. "ఏటి కాదు, ఏమిటి అనాలి," అని దిద్దేవాడు. నిజానికి ఆయనది శ్రీముఖలింగం దగ్గర పల్లె. వాళ్ళమ్మ ఒకసారి కొడుకుని చూద్దామని ఆఫీసుకే వచ్చేసింది. గుమ్మంలోంచే, "ఒరే, ఏటిరా ఇలగ సిక్కిపోనావు?" అంది. ఆయన గబగబా లేచి ఆవిణ్ణి వరండాలోకి తీసుకుపోయాడు. తిరిగొచ్చి, ఎవరూ అడక్కుండానే, "మా ఊరావిడ," అన్నాడు. ఆ ముసలావిడ ముక్కూ ఈయన ముక్కూ ఒకటే అచ్చు. ఆ రోజు నుంచి ఆ మనిషి అంటే నాకు భయం మిగిలిందేమో గాని, ఇంకేమీ మిగల్లేదు.

మా పై అధికారి కుర్రవాడు. మద్రాసులో చదువుకుని సరాసరి మా నెత్తిన దిగాడు. తెలుగు వచ్చు గాని ఆఫీసులో మాట్లాడితే పరువు పోతుందనుకునేవాడు. చెప్పాల్సింది కాగితం అంచు మీద ఆకుపచ్చ సిరాతో నాలుగు ఇంగ్లీషు మాటల్లో రాసేవాడు. వాక్యం పూర్తిగా రాస్తే తన హోదా తగ్గుతుందన్నట్టు సగం మాటలు మింగేసేవాడు. మింగినవి ఏమిటో మేం ఊహించుకోవాలి.

ఎండలు ఇంకా ముదరక ముందు, ఒక రోజు నౌపడ ఉప్పు మళ్ళలో పనిచేసే ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. ఉప్పునీళ్ళలో నాని పాదాలు బీటలు వారి, మడమల దగ్గర తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. హెడ్ గుమస్తా ముందు నిలబడి చెప్పుకుంది.

"మడి పని సేసుకునీవోలం బాబూ. పడమటి గట్టు మీద పదిహేడు పాకలేసుకుని ఉన్నాం. మా అత్త కాలం నుండి ఉన్నాం. ఎవులొచ్చి ఎప్పుడు లెగిపొమ్మంటారో తెల్దు. అక్కడే ఉండమనీసి కాయితం ఏటైనా ఇప్పించండి."

"ఏటైనా కాదు. ఏమైనా."

"ఏదో ఒకటి బాబూ. కాయితం వస్తాదా?"

ఆయన నా వైపు చెయ్యి చూపించి కాగితాల్లోకి తల దించుకున్నాడు. నేను ఆవిణ్ణి కూచోబెట్టి అర్జీ ఇంగ్లీషులో టైపు చేసి, తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర వేయించాను. "పేర్లు రాయవేటమ్మా? పదిహేడిళ్ళోల పేర్లు నోటికి సెప్తాను," అంది. పేర్లు తరవాత, అధికారి వచ్చి చూశాక రాసుకుంటారని చెప్పాను.

అధికారి నిజంగానే వెళ్ళి చూశాడు. ఒక ఉదయం జీపులో వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఆవిడ అర్జీ అంచు మీద ఆకుపచ్చ సిరాతో, టేక్ డౌన్ హట్స్ ఆన్ వెస్ట్ బండ్, రిపోర్ట్ ఇన్ ఎ వీక్, అని రాసి, సాయంత్రం మెయిల్లో సెలవు మీద మద్రాసు వెళ్ళిపోయాడు.

మర్నాడు హెడ్ గుమస్తా ఆ కాగితం చదివి బంట్రోతుని పిలిచాడు. "కూలీలని ఓ ఆరుగుర్ని చూడు. గడ్డపారలూ కొడవళ్ళూ తెచ్చుకోమను. ఎల్లుండి నౌపడ దగ్గర పాకలు తియ్యాలి."

నేను టైపు ఆపేశాను. లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"అది రాసుకోమని అయి ఉంటుందండీ. పాకలు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరివో రాసుకోమని. వాళ్ళు అడిగింది స్థలాలకి కాగితం కదా."

"హట్స్ అంటే వస్తువా, మాటా?"

"వస్తువేనండీ."

"వస్తువుని రాసుకుంటారా? పేర్లయితే టేక్ డౌన్ నేమ్స్ అనేవాడు. కట్టడం పక్కన ఉంటే కూల్చడమే అర్థం," అంటూ నోటుబుక్కు తెరిచి ఆ వరస మీద వేలు పెట్టి చూపించాడు.

వ్యాకరణం ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు అదే కంపరంగా ఉంటుంది. ఆ కుర్రవాడు పేర్లు అనే మాట మింగేశాడు. ఈ పెద్దమనిషి మాటల్ని పట్టుకుని మనుషుల్ని వదిలేశాడు. బీటలు వారిన పాదాలతో ఇదే గదిలో ఆవిడ నిలబడి అడిగింది ఏమిటో ఆయన చెవులారా విన్నాడు.

"మద్రాసుకి ఒక టెలిగ్రాం ఇచ్చి కనుక్కుందామండీ. పోనీ ఆయన వచ్చేదాకా ఆగుదాం. వారం రోజులేగా."

"అడిగితే ఏమనుకుంటాడు? హెడ్ గుమస్తాకి ఇంగ్లీషు రాదనుకుంటాడు." ఆయన గొంతు తగ్గించాడు. "నీకు ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా ఏడు నెలలుంది, గుర్తుందా?"

నేను వెనక్కి వచ్చి కూచున్నాను. ఆయన చెప్పిన నోటీసు టైపు చేశాను. మూడు కాపీలు, కార్బన్లు పెట్టి, ఒక్క అక్షరం తప్పు పోకుండా. అంతకుముందు ఎప్పుడూ అంత శుభ్రంగా టైపు చేసినట్టు గుర్తు లేదు.

ఎల్లుండి నన్నూ రమ్మన్నాడు. ఆడమనిషి పక్కనుంటే అక్కడి ఆడవాళ్ళు అల్లరి చెయ్యరట. సామాన్ల జాబితా రాయడానికీ ఒకరుండాలట. రైలు దిగి మళ్ళ మధ్య గట్టు మీద నడిచాం. ముందు హెడ్ గుమస్తా, చంకలో గొడుగు. వెనక ఇద్దరు బంట్రోతులూ ఆరుగురు కూలీలూ. అందరికన్నా వెనక నేను.

ఆ రోజు మళ్ళలో ఎవరూ లేరు. పని మానుకుని పదిహేడిళ్ళ వాళ్ళూ పాకల ముందు నిలబడి ఉన్నారు. ఆఫీసువాళ్ళు వస్తున్నారని బంట్రోతు నోట విని, రాసుకోడానికేననుకుని అర్జీ పెట్టినావిడే అందర్నీ ఆపిందట. వాకిళ్ళు అలికి ఉన్నాయి. పిల్లల మొహాలు కడిగి, తలలకి నూనె రాసి కూచోబెట్టారు. నాకోసం ఒక తాటాకు చాప పరిచారు.

"ముందు సివరింటి నుండి రాస్తావా అమ్మా, ఇటునుండి రాస్తావా?" అని ఆవిడ అడిగింది.

నేను హెడ్ గుమస్తా వైపు చూశాను. ఆయన నోటీసు తీసి ఇంగ్లీషులో పైకి చదివాడు. వాళ్ళు చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నారు. చదవడం అయిపోయాక ఒక ముసలాయన దణ్ణం కూడా పెట్టాడు. అప్పుడు కూలీలు మొదటి పాక మీదికెక్కి కమ్మలు లాగడం మొదలుపెట్టారు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"బాబూ, ఆ కుర్ర దొర మా పాకలన్నీ రాయిస్తానన్నాడు. ఇక్కడే, ఈ గట్టు మీదే నిలబడి సెప్పినాడు. మీరు పీకీస్తన్నారేటి?"

"ఏమని చెప్పాడు?"

"మీ పాకలు రాసుకోమనీసి మా ఆఫీసోలకి సెప్తాను, మీరు భయపడకండి అన్నాడు. అందరం విన్నాం. అడగండి."

చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు. అప్పటికి మూడు పాకలు నేలమట్టమయ్యాయి. హెడ్ గుమస్తా మొహం నాకు స్పష్టంగా కనబడుతోంది. ఆయనకి అర్థమైంది. గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. నేను దగ్గరికెళ్ళి, "ఇప్పుడైనా ఆపించండి. మూడే కదా పోయినవి. కూలీల చేతే మళ్ళీ కట్టించేద్దాం," అన్నాను.

ఆయన నా మొహం చూడకుండా చెప్పాడు. "మూడు తీసి పధ్నాలుగు వదిలేస్తే తప్పు చేసినట్టవుతుంది. పదిహేడూ తీసేస్తే ఆర్డరు అమలు చేసినట్టవుతుంది. నువ్వు జాబితా రాసుకో."

తరవాత ఆవిడ వైపు తిరిగి, "దొరగారు రాసిందే మేం చేస్తున్నాం," అన్నాడు.

పదిహేడూ తీశారు. మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోయింది. తాటికమ్మల పాక కట్టడానికి పట్టేంత సేపు పడెయ్యడానికి పట్టదు. ఆడవాళ్ళు అల్లరి చెయ్యలేదు. నేను ఉండబట్టి కాదు. సామాన్లు తొక్కేస్తారేమోనని వాటిని బయటికి లాక్కోవడంతోనే వాళ్ళకి సరిపోయింది. నేను చాప మీద కూచుని రాశాను. ఎవరి పేరు చెబితే ఆ పేరు, దాని కింద వాళ్ళ సామాన్లు. చోడి అంబలి కుండ, సత్తు గిన్నెలు రెండు, ఉప్పు లాగే పలక, రేకు పెట్టె, గంప, మేక. పదిహేడు పేర్లూ అలా నా పుస్తకంలోకి ఎక్కాయి. ఆవిడ తన పేరు మాత్రం చెప్పలేదు. పక్కావిడ చెప్పింది.

తిరుగు రైల్లో హెడ్ గుమస్తా కిటికీ పక్కన కూచుని జంతికలు తిన్నాడు. నాకూ పెట్టబోయాడు. నేను వద్దన్నాను. తీసుకోనందుకు గర్వపడ్డాను కూడా. పగలంతా ఆయన చెప్పినట్టల్లా చేసి, సాయంత్రం జంతిక వద్దన్నంత మాత్రాన మనిషినైపోయాననుకున్నాను.

వారానికి అధికారి వచ్చాడు. పాకలన్నీ ఆర్డరు ప్రకారం టేక్ డౌన్ చేశామని హెడ్ గుమస్తా రాసిన రిపోర్టు చదివి, "వెరీ గుడ్," అన్నాడు. నేను ఉత్తరం రాసుకోవడానికి పుస్తకం పట్టుకుని అక్కడే కూచుని ఉన్నాను. ఆ రెండు మాటలూ ఆయన ఎంత సంతోషంగా అన్నాడో విన్నాను. తరవాత చెయ్యి చాపాడు.

"లిస్టేది?"

హెడ్ గుమస్తా నేను రాసిన జాబితా ఇచ్చాడు. అధికారి చదువుతూ చదువుతూ ఆగాడు. "ఈ కుండలూ మేకలూ ఏమిటి?"

"పాకల్లోంచి బయటపెట్టిన సామానండీ."

"ఎందుకు బయటపెట్టారు?"

హెడ్ గుమస్తా ఫైలు తెరిచాడు. అర్జీ తీసి ఆకుపచ్చ సిరా రాత పైకి కనబడేట్టు బల్ల మీద పెట్టాడు. అధికారి దాన్ని చూసి, రిపోర్టు చూసి, మళ్ళీ దాన్ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నా ఉద్దేశం ఏమిటో మీకు తెలుసు."

"తమరు రాసిందేమిటో తెలుసండీ," అన్నాడు హెడ్ గుమస్తా చాలా వినయంగా.

ఆ కుర్రవాడు కేకలేస్తాడనుకున్నాను. కనీసం లేచి జీపు తియ్యమంటాడనుకున్నాను. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూచున్నాడు. చివరికి నా వైపు చూసి, "టేక్ డౌన్," అన్నాడు.

నా చెయ్యి దానంతటదే కదిలింది. పై ఆఫీసుకి ఉత్తరం. పడమటి గట్టు మీది పాకల వల్ల గట్టు బలహీనపడుతోందనీ, తాను స్వయంగా తనిఖీ చేసి వాటిని తీసివేయవలసిందిగా ఆదేశించాననీ, సిబ్బంది ఆ పని సమర్థంగా నిర్వహించారనీ చెప్పుకుపోయాడు. ఒక చోట మాట కోసం వెతుక్కుంటే హెడ్ గుమస్తా అందించాడు. మరో చోట ఇద్దరూ కలిసి ఒక వాక్యం చక్కబెట్టారు. అంతకుముందు ఆ ఇద్దరూ అంత స్నేహంగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. వాక్యాలు మొదలూ చివరా ఉండి, ఒక్క మాటా మింగకుండా బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ మనిషికి అవసరమైతే పూర్తి వాక్యం రాయడం వచ్చన్నమాట.

తరవాత కొన్ని రోజులకి ఆవిడ ఆఫీసుకొచ్చింది. హెడ్ గుమస్తా దగ్గరికి వెళ్ళలేదు. సరాసరి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"రైలు కట్ట కింద ఉన్నాం ఇప్పుడు," అంది. "ఒక మాట అడుగుదామని వచ్చినాను. అది రాసుకోమనీసి రాసినదని నీకు తెల్దా?"

"తెలుసు."

"మరేటికి సెప్పలేదు?"

"చెప్పాను. ఆయనకి రెండుసార్లు చెప్పాను."

"ఆడికి సెప్పేవు. మాకు సెప్పలేదు కదా. ఆ ముందు రోజు ఒక మాట పంపితే మేమంతా పాకల్లోనే అడ్డంగా పడుకుందుం. మా మీద నుండి ఎలా లాగుతారో సూద్దుం."

మాట పంపడమన్నది నాకు తట్టనే లేదు. అందరూ తెల్ల కాగితం మీదే ఆలోచిస్తున్న చోట నేనూ కాగితం మీదే ఆలోచించాను. అధికారినీ హెడ్ గుమస్తానీ ఇంతసేపు తిట్టాను గాని, ఆ గదిలో వాళ్ళతో కలిపి లెక్కపెట్టవలసిన మూడో మనిషిని నేను.

ఆ సాయంత్రం నేను చేసింది ఒక్కటే. జాబితాలోంచి కుండలూ మేకలూ తీసేసి, పదిహేడు పేర్లూ తెలుగులో టైపు చేశాను. పైన, గట్టు మీద నుంచి తీసివేసిన ఇళ్ళ యజమానులు, స్థలాలకి అర్జీ పెట్టుకున్నవారు, అని రాశాను. మామూలు సంతకాల కట్టలో పెట్టేశాను. అధికారి చదవకుండా సంతకం చేశాడు. సంతకాల కట్టలోవి ఆయన ఏవీ చదివేవాడు కాదని నేను తెలుసుకోవడానికి అంతకాలం పట్టింది.

హెడ్ గుమస్తాకి ఆ ఏడాదే ప్రమోషన్ వచ్చింది. ఇంగ్లీషులో మంచి పట్టున్న మనిషి అని అధికారి స్వహస్తాలతో రాశాడు. విజయనగరం బదిలీ అయ్యాడు. అక్కడ సాయంత్రాలు ఓ ట్యుటోరియల్లో పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాడని విన్నాను. నా ఉద్యోగం ఖాయమైంది. ఏడు నెలలకి సరిగ్గా.

ఏడాదిన్నర తరవాత వేరే అధికారి వచ్చాడు. నిదానస్తుడు, పాత ఫైళ్ళు తిరగేసే అలవాటున్నవాడు. అర్జీ ఫైల్లో ఆ తెలుగు జాబితా చూసి, "వీళ్ళకి స్థలాలిచ్చారా?" అని అడిగాడు. లేదన్నాం. రైలు కట్టకి అవతల మెరకలో స్థలాలు ఇప్పించాడు. అప్పటికి పదిహేడు కుటుంబాల్లో పదకొండే మిగిలాయి. తక్కినవాళ్ళు బరంపురం వైపు పనులకి వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో ఎవరూ కనుక్కోలేదు.

కాగితాలు పంచిన రోజు ఆవిడ వచ్చింది. నేనే ఆవిడ చేతికిచ్చాను. తెలుగులోనే ఉంది. చదివి వినిపించమంది, వినిపించాను. రెండోసారి చదవమంది, చదివాను. పేరు దగ్గర వేలు పెట్టి చూపించమని, ఆ చోటు జాగ్రత్తగా చూసుకుంది.

"కొలవడానికి ఎవులొస్తారు?"

"సర్వేయరొస్తాడు. ఆయనతో ఇంకొకరు."

కాగితం మడిచి చెంగుకి ముడేసుకుంది.

"నువ్వు మాత్రం రాకమ్మా," అంది. గొంతులో కోపం లేదు. రేపు పని ఉంది రావద్దన్నట్టే చెప్పింది.

నేను వెళ్ళలేదు.